మెడక్క కుట్టిన బ్లౌజు

ఆ బట్టల ఫ్యాక్టరీలో ఎవరికీ పేరుతో పనిలేదు. జీతం కాగితం మీది పేరు జీతం కాగితానికే పరిమితం. మెడపట్టీలు కుట్టే ఆమె మెడక్క. చేతులు కుట్టే ఆమె చేతుల వదిన. ముందు ముక్కనీ వెనక ముక్కనీ పక్కల వెంబడి కలిపే పెద్దావిడ పక్కల పిన్ని. గుండీలకొక అత్త, కాజాలకొక అక్క, ఇస్త్రీకి ఒక బాబాయి. "మమ్మల్నందర్నీ కలిపి కుడితే ఒక నిండు మనిషి వస్తుందండీ, విడివిడిగా చూస్తే జడుసుకుంటారు" అని చేతుల వదిన నాతోనే ఒకసారి అంది. ఆవిడ నోటికి తాళం వేయగల మనిషి ఆ ఫ్యాక్టరీలో ఇంకా చేరలేదు.

ఇలాంటి పిలుపులు నాకు కొత్త కాదు. చాలా ఏళ్ళ కిందట ఇంకో ఊళ్ళో ఒక గడియారాల కార్ఖానా పక్కన ఉండేవాణ్ణి. అక్కడ సెకన్ల ముల్లు బిగించే మనిషిని అందరూ సెకన్ల మామ అనేవారు. ముప్పై ఏళ్ళలో తన చేతి మీదుగా పోయిన గడియారం ఒక్కటీ తిరగగా చూడలేదట ఆయన. దాన్ని నడిపించే బ్యాటరీ బిళ్ళ వేసేది పక్క గదిలో. ఆ మాట ఆయనేమీ బాధగా చెప్పలేదు. నేనే బాధపడి, దానికి జవాబు పుస్తకాల్లో వెతుక్కున్నాను. పనిని ముక్కలు చేస్తే సరుకు చవకవుతుందని రాసినవాళ్ళు బోలెడుమంది దొరికారు. ఆ ముక్క పట్టుకున్న మనిషి ఇంటికెళ్ళి పిల్లలకి ఏం చెప్పుకోవాలో రాసినవాళ్ళు మాత్రం దొరకలేదు. మెడక్క సంగతి ఆ రెండోదానికి సంబంధించింది కాబట్టి ఈ సోదంతా.

మెడక్క ఇంటి పైగదిలో నేను ఏడు నెలలు అద్దెకున్నాను. కింద రెండు గదులు, వంటింటిని ఆనుకుని చిన్న వరండా, వరండాలో పాత దుప్పటి కప్పిన కాలి మిషను. ఇంట్లో ఆమె, ఇరవై ఒక్కేళ్ళ కూతురు. భర్త పోయి చాలా కాలమైంది. ఆ ప్రస్తావన ఆమె తెచ్చేది కాదు, నేను అడగలేదు. మనిషి సన్నగా, చురుగ్గా ఉండేది. కుడి భుజం ఎడమదానికన్నా ఒక వేలు దిగి ఉండేది. ఎవరితో మాట్లాడినా ఆమె చూపు గడ్డం కిందే ఆగిపోయేది. నా మొహం చూడటం ఇష్టం లేదు కాబోలు అనుకున్నాను. పదో రోజున అసలు సంగతి బయటపడింది.

"తాతగారూ, మీ చొక్కా మెడ ఎడమ కొస తిరగలేదు. విప్పి ఇవ్వండి, సరిచేసిస్తాను" అంది. పదిరోజుల పాటు ఆ కొసని ఎలా ఓర్చుకుందో పాపం.

పంతొమ్మిదేళ్ళుగా ఆమె కుట్టింది మెడలే. లోపల బిరుసు గుడ్డ పెట్టి, రెండు పొరలు బోర్లించి కుట్టి, కొసలు తిప్పి, అంచుకుట్టు వేసి పక్క బల్లకి తోసేయడం. ఆ మెడ ఎలాంటి ఒంటికి అతుక్కుంటుందో ఆమె కూర్చున్న చోటి నుంచి కనిపించదు.

కనిపించే చోటు ఒకటుంది. ఆ ఫ్యాక్టరీ సరుకంతా పేరుమోసిన ఒక డిజైనరమ్మ గీసినది. ఆవిడదే పెద్ద అద్దాల షోరూము బజారువీధిలో ఉంది. అద్దం వెనక తలలేని బొమ్మకి ఆ బ్లౌజు తొడిగి ఉండేది. మీగడ రంగు, గొంతును చుట్టి నిలబడే మెడ, రొమ్ము మీద సన్నని మడతలు, భుజం దగ్గర నిండుగా లేచి మణికట్టు దగ్గర బిగిసే చేతులు. ఏటేటా ఏవేవో మారేవి గాని ఆ బ్లౌజు మాత్రం కదిలేది కాదు. కూతురు వేలు పట్టుకు నడిచే రోజుల నుంచీ మెడక్క ఆ అద్దం ముందు ఆగి, అది నేను కుట్టిందే అని చూపించేది. ఫ్యాక్టరీలో అందరూ తమ పిల్లలకి అదే బొమ్మని చూపించి అదే మాట చెప్పేవారు. అబద్ధమంటే అబద్ధం కాదు. నిజమని గట్టిగా అనాలంటే మాత్రం గొంతు సవరించుకోవాలి. పిల్ల నమ్మింది. నమ్మి, ఆ నమ్మకంతోనే పెద్దదయింది.

చదువు ముగించి రెండేళ్ళుగా ఉద్యోగం వెతుక్కుంటోంది పిల్ల. మెడక్క కోరిక ఒక్కటే, దాన్ని దాచుకునేది కూడా కాదు. తన కూతురు బల్ల ముందు తల వంచుకుని ముక్కలు తోసే పనిలోకి రాకూడదు. వెలుతురులో నిలబడాలి. నలుగురితో మాట్లాడాలి. ఏం కావాలండీ అని అది అడిగితే ఎదుటివాళ్ళు దాని మొహం చూసి జవాబు చెప్పాలి. షోరూము ముందు హాల్లో బట్టలు చూపించి అమ్మడానికి ఒక అమ్మాయి కావాలని తెలియగానే, పిల్ల జడ తానే వేసి మరీ పంపింది.

అక్కడ మేనేజరు మేడమ్ నాలుగు మాటలు అడిగిందట. ఈ బట్టల గురించి నీకేం తెలుసు అంటే, పిల్ల తడుముకోకుండా బొమ్మ వైపు చూపించి, ఆ బ్లౌజు మా అమ్మే కుడుతుందండి అని చెప్పింది. మేడమ్‌కి ఆ మాట నచ్చింది. అలాగైతే మీ ఇంట్లో ఒకటి ఉండే ఉంటుంది, సోమవారం పది గంటలకి అది వేసుకుని రా, నీ ఒంటి మీద ఎలా ఉంటుందో చూసి చెప్తానంది. ఇంట్లో లేదని చెప్పడానికి పిల్లకి నోరు రాలేదు. చెప్పాల్సిన అవసరమూ కనిపించలేదు. కుట్టే మనిషి ఇంట్లోనే ఉందాయె.

"నువ్వు కుట్టేదే కదమ్మా. ఇంట్లో ఒకటి కుట్టివ్వు. ఇంకా ఆరు రోజులుంది."

అప్పుడు నేను మెట్ల మీద ఉన్నాను. మెడక్క అనాల్సిన మాట చాలా చిన్నది, నాకు మెడ తప్ప ఏదీ రాదే అని. బజారువీధిలో అద్దం ముందు ఆగిన సాయంత్రాలన్నీ దాని మీద కూర్చున్నాయేమో, పైకి లేవలేదు. సరే అంది. పొయ్యి మీద ఏమీ లేకపోయినా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కొనడం కుదిరే పని కాదు. ఆ బ్లౌజు ధర అడగడానికే మంచి బట్టలు కట్టుకుని వెళ్ళాలి. ఫ్యాక్టరీ నుంచి తేవడమూ కుదరదు. గేటు దగ్గర సంచీలే కాదు, అన్నం డబ్బా మూత కూడా తీసి చూస్తారు. వీధి చివర దర్జీ ఉన్నాడు, ఉన్నమాటే. కాని పంతొమ్మిదేళ్ళు కుట్టుపని చేసిన మనిషి కూతురి బ్లౌజు కోసం దర్జీ గడప తొక్కితే, ఇక ఆ వీధిలో నడవడం ఎలా? ఈ చివరి అడ్డంకి అన్నిటికన్నా గట్టిది.

మర్నాడు భోజనాల వేళ ఫ్యాక్టరీలో సంగతి చెప్పింది. చేతుల వదిన అక్కడికక్కడే కొంగు బిగించింది. మెడ నీది, చేతులు నావి, పక్కలు పిన్నివి, ఇంక మిగిలిందేముంది, డిజైనరమ్మ కాగితం మీద గీస్తుంది గాని దారం ఎక్కించేది మనమే కదా అంది. పక్కల పిన్ని నెమ్మదస్తురాలు. ముందు కొలతల సంగతి చూడండర్రా అంది. కొలత టేపు చెకింగ్ మనిషి దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండదు. అందుకని ఎవరి పద్ధతి వాళ్ళది. మెడక్క వేళ్ళతో కొలుస్తుంది. వదిన తన ముంజేతి మీద పెన్నుతో గీతలు గీసుకుంటుంది. పిన్ని దారానికి ముడులు వేస్తుంది. ఒకరు ఈ రోజు, ఒకరు రేపు కొలిస్తే ముక్కలు ఒకదానికొకటి కలవవేమోనని పిన్నికి అనుమానం. అందుకని ఆవిడే కట్టుదిట్టం చేసింది. గురువారం భోజనాల గంట మోగిన వెంటనే ముగ్గురూ ఒకేసారి, ఆ నిమిషాన ఎవరి బల్ల మీద ఏ ముక్క ఉంటే ఆ ముక్కని కొలవాలి. అక్షరాలా అలాగే కొలిచారు. వాళ్ళు చేసిన తప్పు ఇదే. అప్పటికి అది జాగ్రత్తలా కనిపించింది.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ వచ్చేశారు. వదిన చేతి మీది గీతలు చెరిగిపోకుండా మూడు రోజులు ఆ చెయ్యి తడపలేదట. గిన్నెలు మా ఆయన చేత తోమించాను, ఈ బ్లౌజు వల్ల నాకు కలిగిన లాభం అదీ అంది. గుడ్డ మెడక్క తెచ్చింది. రంగు అచ్చం అదే, కాకపోతే తానులో చివరి ముక్క, ఇంకో మూర కావాలన్నా లేదని కొట్టువాడు ముందే చెప్పాడు. చాప మీద గుడ్డ పరిచి ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. అప్పుడు తెలిసింది, గుడ్డ మీద కత్తెర పెట్టడం ముగ్గురికీ అదే మొదటిసారి అని. ఫ్యాక్టరీలో కత్తిరింపు ఇంకో హాల్లో జరుగుతుంది, వంద పొరలు పేర్చి యంత్రపు కత్తితో కోస్తారు. వీళ్ళ దగ్గరకి వచ్చేవి కట్టలే. పిల్ల నవ్వుతోంది, ఆట పట్టిస్తున్నారనుకుంది. వదినే కత్తెర లాక్కుని మొదలుపెట్టింది.

మిషనూ మాట వినలేదు. ఫ్యాక్టరీ మిషను కాలు ఆనిస్తే చాలు, దూసుకుపోతుంది. ఇంట్లోది తొక్కితే గాని కదలదు. మెడక్క కాలికి ఆ తొక్కుడు అలవాటు లేదు, ఆమె దాని మీద దిండుగలీబులు తప్ప కుట్టింది లేదు. అయినా మధ్యాహ్నానికి ఎవరి భాగం వాళ్ళు ముగించారు. మెడ చూస్తే ముచ్చటేసింది. చేతుల మీద కుచ్చు ఒక్కటీ తప్పలేదు. పిన్ని కలిపిన పక్కలు గీత గీసినట్టున్నాయి. మడతలు కూడా పిన్నే వేసింది. మూడు భాగాలూ మంచం మీద పక్కపక్కన పెట్టి పిల్లని పిలిచారు.

పిన్ని కలిపిన ఒంటిభాగం పిల్లకి ఎక్కనే లేదు. ఎలాగో తొడిగితే ముందు రెండు అంచుల మధ్యా నాలుగు వేళ్ళ సందు. చేతులు చూస్తే, అందులో ఇంకో పిల్ల పడుతుంది. ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. నా గీతలు తప్పవని వదిన ముంజేయి చాపింది. నా ముడులు లెక్కపెట్టుకో అని పిన్ని దారం తీసింది. మాట మీద మాట పెరిగింది. నువ్వు కొలిచేటప్పుడు కబుర్లు చెప్తున్నావని పిన్ని, నీ కళ్ళజోడు మార్చాలని వదిన. ఉన్నట్టుండి పిన్ని చప్పుడు లేకుండా మంచం మీద కూర్చుండిపోయింది.

"గురువారం నీ కట్టలకి ఏ రంగు చీటీ?" అని మెడక్కని అడిగింది.

"పసుపు."

"నాది ఎరుపు" అంది వదిన. ఆవిడ గొంతు అంత తగ్గడం నేనెప్పుడూ వినలేదు.

పిన్నిది ఆకుపచ్చ. ఆకుపచ్చ చిన్న సైజు, పసుపు నడిమిది, ఎరుపు అన్నిటికన్నా పెద్దది. కట్టలు ఒక బల్ల తర్వాత ఇంకో బల్లకి జరుగుతూ పోతాయి. మెడల దగ్గర ఒక సైజు నడుస్తుంటే చేతుల దగ్గర వేరొకటి, పక్కల దగ్గర ఇంకా వేరొకటి నడుస్తుంటాయి. ఒకే కట్టని వెంబడించి, వేరువేరు రోజుల్లో కొలిచి ఉంటే బ్లౌజు కుదిరేది. ఒకే నిమిషంలో కొలిచారు కాబట్టి ముగ్గురు మనుషులని కొలిచారు. సైజు చూడటం చెకింగ్ మనిషి పని. పంతొమ్మిదేళ్ళలో ఆ చీటీ వైపు వీళ్ళు రంగు కోసం తప్ప చూసింది లేదు.

పిల్లది పసుపు సైజు. అంటే ఆ బ్లౌజులో పిల్లకి సరిగ్గా సరిపోయింది మెడ ఒక్కటే.

గుడ్డ ఇంక లేదు. ఆ తర్వాత వాళ్ళు చేసిన అవస్థ చెప్పుకుంటే చాంతాడంత. చేతుల కింది భాగం సన్నం చేసి, అందులో వచ్చిన పట్టీలు ఒంటిభాగానికి రెండు పక్కలా అతికారు. అవి నడుము నుంచి చంక కిందకి జానెడు దూరం దాకా వచ్చి ఆగిపోయాయి. చేతులు దూర్చే చుట్టు మాత్రం ఆకుపచ్చ సైజులోనే ఉండిపోయింది. అందులోకి ఎర్ర సైజు చేతుల్ని కుచ్చుల మీద కుచ్చులు పెట్టి కూరారు. పొద్దు వాలేసరికి పిల్ల తొడుక్కుని నిలబడింది. చేతులు దించుకుని నిలబడితే, దేవుడి మీద ఒట్టు, బొమ్మ మీద ఉన్నట్టే ఉంది. పిల్ల మొహం విప్పారింది. జుట్టు సవరించుకుందామని చెయ్యెత్తింది. భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఎత్తకు" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

ఇద్దరూ వెళ్ళాక మెడక్క ఆ బ్లౌజు కాగితంలో చుట్టుకుని, వీధి చివర దర్జీ దగ్గరకి వెళ్ళింది. అన్నాళ్ళూ తొక్కని గడప ఆ సాయంత్రం తొక్కింది. తిరిగొచ్చాక వరండాలో కూర్చుని జరిగింది చెప్పింది. దర్జీ ముసలివాడు. బ్లౌజు తిరగేసి, దీపం కిందకి జరిపి, చాలాసేపు చూశాడట. చంక దగ్గర చేర్చడానికి గుడ్డ ఉంటే ఏమైనా చేసేవాణ్ణమ్మా, లేకపోతే నా చేతిలో ఏం లేదన్నాడట. ఇచ్చేస్తూ, మెడ మీద బొటనవేలితో రాసి, "ఈ మెడ కుట్టినవాళ్ళకి దండం పెట్టాలి. మరి మిగతాదాన్ని ఎవరమ్మా ఇలా పాడుచేసింది?" అని అడిగాడట.

ఏం చెప్పావని నేను అడగలేదు. 'నేనే' అన్నాను తాతగారూ అని ఆమే చెప్పింది. ఆ నేను మెడదో, మిగతాదో దర్జీ అడగలేదట.

నేను అక్కడ ఒక మాట చెప్పి ఉండాల్సింది. నిజం చెప్పి వేరే బట్టల్లో పంపు అని. అంత చదివి, అన్ని ఊళ్ళు తిరిగి, ఆ వరండాలో నాకు ఆ ఒక్క వాక్యం కుదరలేదు. కుదిరినా ఆమె వినేది కాదు. పక్కగదిలో పిల్ల, ఏం కావాలండీ, ఏ రంగు చూపించమంటారు అని అద్దంతో మాట్లాడుతోంది.

సోమవారం ముగ్గురం బజారుకి వెళ్ళాం. మెడక్క పూట సెలవు పెట్టింది. నాకు అక్కడ పనేమీ లేదు, ఇంట్లో కాలు నిలవక వెళ్ళాను. పిల్ల ఒక్కతే లోపలికి వెళ్ళింది. మేమిద్దరం రోడ్డు అవతల నిలబడ్డాం. అద్దాలు కాబట్టి అంతా కనిపిస్తుంది, ఏదీ వినిపించదు.

మేడమ్ పిల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. మెడ దగ్గర ఆగింది. వేలితో కొస తాకి చూసి, నవ్వి, అక్కడున్న ఇంకో అమ్మాయిని పిలిచి చూపించింది. మెడక్క నా గొడుగు కర్ర పట్టుకుంది. కుదిరింది తాతగారూ, కుదిరింది అంటోంది. అప్పుడు మేడమ్ గోడ వైపు చెయ్యి చూపించింది. పై వరసలో వేలాడదీసిన ఒక పొడుగు గౌను. అది తీసి చూపించమంటోంది. అమ్మే పిల్లని అడిగే మొదటి పని అదే కదా. అన్ని రోజులు ఆలోచించిన మా అందరిలో ఒక్కరికీ అది తట్టలేదు.

పిల్ల గోడ దగ్గరకి వెళ్ళింది. కుడి చెయ్యి ఎత్తింది, భుజం దాకా. ఆగింది. ఎడమది ఎత్తింది. అదీ అక్కడే ఆగింది. చుట్టూ చూసింది, ఎక్కడానికి ఏదైనా ఉందేమోనని. ఏమీ లేదు. మునివేళ్ళ మీద లేచింది. ఇంకో జానెడు చాలు. పిల్ల ఆ జానెడు సాచింది.

"చంక దగ్గర పోయింది" అంది మెడక్క. ఆమె అప్పటికే కళ్ళు మూసుకుని ఉంది.

గౌను దింపి మేడమ్ చేతికి ఇచ్చింది పిల్ల, మోచెయ్యి ఒంటికి అదిమిపెట్టుకుని. మేడమ్ ఆ మోచేతిని రెండు వేళ్ళతో పట్టి, గిన్నె మీద మూత ఎత్తినట్టు, మెల్లగా పైకెత్తి చూసింది. ఆ తర్వాత ఇద్దరూ ఏవో మాట్లాడుకున్నారు. చాలాసేపు పట్టింది. పిల్ల వేళ్ళు మడుస్తూ ఏదో లెక్క చెప్పింది. మెడ చూపించింది, చేతులు చూపించింది, పక్కలు చూపించింది.

బయటికి వచ్చాక చెప్పింది. మేడమ్ తిట్టలేదట. ఎవరెవరు ఏమేం కుట్టారో అడిగిందట, మెడ మాత్రం అచ్చం మా షోరూము బ్లౌజుదేనని మేడమే ఒప్పుకుందట. ముందు హాల్లోకి తీసుకోవడం కుదరదు, వెనక సరుకు గదిలో ఒక మనిషి కావాలి, వచ్చిన బట్టలు మడతపెట్టి, పిన్నులు గుచ్చి, కవర్లలో పెట్టడం, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా, కావాలంటే రేపటి నుంచే రమ్మందట. ఆ గదిలోకి కొనేవాళ్ళెవరూ రారు, కిటికీ కూడా లేదు, చూసి వచ్చానంది.

"నువ్వేమన్నావు?" అంది మెడక్క.

"సరేనన్నాను."

మెడక్క కూతురి భుజం మీది కుచ్చు సర్ది, మంచిదే అంది.

పిల్ల చిరుగు కనిపించకుండా పిన్నీసు కొనుక్కోవడానికి పక్క కొట్లోకి వెళ్ళింది. బస్టాపులో మేమిద్దరమే మిగిలాం. పూట సెలవు అయిపోవస్తోంది, ఆమె బస్సు వచ్చే వైపే చూస్తోంది. ఈసారి నా గడ్డం కిందకి కూడా చూడలేదు.

"వద్దని నోటిదాకా వచ్చింది తాతగారూ" అంది. "అదేమంత పనే, వద్దులే అని. మరి నువ్వెందుకు అలాంటి పని చేస్తున్నావమ్మా అని అది అడిగితే ఏం చెప్పను? నేను వద్దంటే, ఇన్నేళ్ళూ దాన్ని పెంచిన పనిని నేనే చీదరించుకున్నట్టు కాదూ. మంచిదే అన్నాను. ఇప్పుడు నాకు దాన్ని ఆపే దారి లేదు."

బస్సు వచ్చింది. ఆమె గబగబా ఎక్కి, కిటికీ దగ్గర చోటు దొరకక, నిలబడ్డవాళ్ళ మధ్య నుంచి తల వంచి కూతురి కోసం వెతుక్కుంది. పిల్ల కొట్లోంచి పరిగెత్తుకొచ్చి నా పక్కన నిలబడింది. పిన్నీసు ఇంకా పళ్ళ మధ్యే ఉంది. ఒక మోచెయ్యి ఒంటికి అదిమిపెట్టుకునే, రెండో చెయ్యి ఎంత లేస్తే అంత ఎత్తి తల్లికి ఊపింది.